పాత వెండి విలువ: తూకంలో తేలేది, తేలనిది

2025లో వెండి ధర ఎన్నడూ లేని వేగంతో పెరిగి, ఏడాది చివరికి కిలో రెండు లక్షల రూపాయలు దాటింది. అప్పటినుంచి హైదరాబాద్‌లో గుల్జార్ హౌజ్, చార్‌కమాన్ దుకాణాల ముందూ, సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనూ పాత మూటలు విప్పేవారు తరచుగా కనిపిస్తున్నారు. చీరముక్క ముడి విప్పితే పన్నీరు బుడ్డి, ఉగ్గుగిన్నె, కుంకుమ భరిణె, మూత బిగుసుకుపోయిన మరచెంబు బయటికి వస్తాయి. దుకాణదారు ఒక్కొక్కటీ కాటా మీద పెడతాడు. గీటురాయి మీద గీసి టంచ్, అంటే మేలిమి వెండి శాతం, చూస్తాడు. కరిగిస్తే పోయే తరుగు తీసేసి ధర చెబుతాడు.

ఆ లెక్కలో తప్పు లేదు. ఆయన కొనేది వెండి, చెప్పేది వెండి ధర. అయితే అదే పన్నీరు బుడ్డిని ముర్గీ చౌక్ దగ్గర పాత వస్తువులు అమ్మేవారికి చూపిస్తే మరో ధర వస్తుంది. వేలం సంస్థకు ఫొటో పంపితే ఇంకో అంకె చెబుతారు, లేదా అసలు పట్టించుకోరు. "ముత్తమ్మమ్మ నాటిది కదా, యాంటిక్ కదా, ఎక్కువ రావాలి కదా" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఈ గందరగోళానికి మూలం ఒక్కటే అని నా అభిప్రాయం. వస్తువు దేనితో చేసింది, ఎప్పుడు చేసింది, ఎలాంటి చేయి చేసింది, అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుందా అనేవి నాలుగు వేరువేరు ప్రశ్నలు. మనం వాటన్నిటినీ "పాతది" అనే ఒక్క మాటలో కట్టేస్తున్నాం.

నిజాం కాలం నాటిదే, అయినా పురావస్తువు కాకపోవచ్చు

1972లో చేసి 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి తెచ్చిన పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నాణెం, శిల్పం, చిత్రం, చేతిపని వస్తువు వంటివి కనీసం 100 ఏళ్ల నాటివైతేనే పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. బజారులో "యాంటిక్" అనే మాటకు ఇలాంటి హద్దేమీ లేదు. కొత్తగా చేసి నల్లబరచిన వెండి గొలుసునూ "యాంటిక్ ఫినిష్" అనే అమ్ముతారు.

హైదరాబాద్‌లో ఈ తేడా మరింత ముఖ్యం. ఇక్కడ ప్రతి పాత వస్తువుకూ "నిజాం కాలం నాటిది" అనే ముద్ర పడిపోతుంది. అసఫ్‌జాహీల పాలన 1724 నుంచి 1948 వరకు, అంటే 224 ఏళ్లు సాగింది. 2026లో నిలబడి వెనక్కి లెక్కపెడితే వందేళ్ల గీత 1926 దగ్గర పడుతుంది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కారు. ఆయన పాలనలో మొదటి 15 ఏళ్లలో చేసిన పళ్లెం ఈరోజు పురావస్తువు. మిగతా 22 ఏళ్లలో చేసింది కాదు. రెండూ నిజాం కాలానివే, రెండూ ఒకే వీధిలో తయారై ఉండవచ్చు. ఈ గీత ఏటా ఒక్కో ఏడాది ముందుకు జరుగుతూ ఉంటుంది కూడా.

వెండి అంటే ఎంత వెండి?

లెక్క సులువుగా ఉండటానికి మేలిమి వెండి గ్రాము 200 రూపాయలు అనుకుందాం. పాత రూపాయి నాణేలతో మొదలుపెడితే విషయం తేటగా కనిపిస్తుంది. చార్మినార్ బొమ్మ ఉన్న హైదరాబాద్ హాలీ సిక్కా వెండి రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే 9.15 గ్రాముల మేలిమి, సుమారు 1,830 రూపాయలు. 1940కి ముందరి బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. దాని విలువ సుమారు 2,140 రూపాయలు. యుద్ధకాలంలో, 1940 నుంచి 1945 వరకు ముద్రించిన రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు కాబట్టి 1,166 రూపాయలు మాత్రమే. చేతిలో పట్టుకుంటే రెండు బ్రిటిష్ రూపాయలూ ఒకేలా ఉంటాయి. ఇక 1939 నాటి రూపాయి చాలా అరుదు. నాణేలు సేకరించేవారి దగ్గర దానికి వెండి లెక్క వర్తించదు.

తర్వాతి చిక్కు పేర్లతో వస్తుంది. జర్మన్ సిల్వర్‌లో వెండి లేదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. దానిమీద వెండి పూత వేస్తే అడుగున ఇ.పి.ఎన్.ఎస్. (విద్యుత్తుతో పూత వేసిన నికెల్ సిల్వర్) అనే అక్షరాలు కొడతారు. విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ సంస్థ 1840లో పేటెంట్ పొందింది. ఆ తర్వాత ఇలాంటి టీ సెట్లు మన దేశానికి విరివిగా వచ్చాయి. 700 గ్రాముల కూజాను వెండి అనుకుంటే 1,40,000 రూపాయలు రావాలి. పూత లెక్క వేరు. లోపలా బయటా కలిపి వెయ్యి చదరపు సెంటీమీటర్ల ఉపరితలం, పూత మందం 20 మైక్రాన్లు అనుకుందాం. ఆ పొర ఘనపరిమాణం 2 ఘనసెంటీమీటర్లు. వెండి సాంద్రత 10.5 కాబట్టి మొత్తం 21 గ్రాములు, అంటే 4,200 రూపాయలు. దాన్ని విడదీయడానికయ్యే ఖర్చు పోగా మిగిలేది ఇంకా తక్కువ.

గీటురాయికీ, ఇప్పుడు చాలా దుకాణాల్లో కనిపించే, ఎక్స్ కిరణాలతో లోహాన్ని పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రానికీ ఒకే పరిమితి ఉంది. రెండూ చూసేది పైపొరనే. లోపలి సంగతిని నీళ్లు చెబుతాయి. 206 గ్రాముల గ్లాసును నీటిలో ముంచితే 20 మిల్లీలీటర్లు పైకి లేస్తే సాంద్రత 10.3. అది 92.5 శాతం వెండికి దగ్గర. 24 మిల్లీలీటర్లు లేస్తే 8.6, అంటే జర్మన్ సిల్వర్. పన్నీరు బుడ్డి పీఠం, కొవ్వొత్తి స్తంభం వంటివాటిలో మాత్రం ఈ పరీక్ష దారితప్పిస్తుంది. వాటిని నిలకడ కోసం లోపల లక్కతోనో, మరో బరువుతోనో నింపుతారు. కాటా చూపించే అంకెలో ఆ లక్క కూడా ఉంటుంది.

ఇంగ్లండ్ వెండి మీద ముద్రలు చదవడం నేర్చుకుంటే సగం కథ తెలిసిపోతుంది. నడిచే సింహం ఉంటే 92.5 శాతం వెండి. చిరుతపులి తల ఉంటే లండన్, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. పక్కనున్న అక్షరం సంవత్సరానికి గుర్తు. 1784 నుంచి 1890 వరకు పన్ను కట్టినందుకు రాజు లేదా రాణి తల కూడా కొట్టేవారు. మన దేశంలో అలాంటి పరీక్షా వ్యవస్థ అప్పట్లో లేదు. కలకత్తాలోని హామిల్టన్ కంపెనీ, దేవతామూర్తులతో చెక్కిన "స్వామి" శైలి వెండికి పేరుపొందిన మద్రాసులోని పి. ఓర్ అండ్ సన్స్ తమ పేర్లు కొట్టేవి. ఊరి కంసాలి చేసిన వాటిపై చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు. మన దగ్గర వెండికి హాల్‌మార్క్ ఇప్పటికీ స్వచ్ఛందమే. విడివిడి గుర్తింపు సంఖ్యతో హాల్‌మార్క్ వేసే పద్ధతి 2025 సెప్టెంబర్ 1 నుంచి మొదలైంది. కాబట్టి ముద్ర లేనంత మాత్రాన పాత చెంబును అనుమానించాల్సిన పని లేదు.

1343 అంటే ఏ సంవత్సరం?

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది, చాలామంది దాటేసేదీ ఇదే. వస్తువు వయసును కథలు నిర్ణయించలేవు, వస్తువు మీది ఆనవాళ్లు నిర్ణయించాలి. హైదరాబాద్‌లో ఆనవాళ్లు చదవడం కాస్త కష్టం, ఎందుకంటే ఇక్కడ ఒకే కాలంలో ఎన్నో కాలమానాలు నడిచాయి. నాణేల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. ప్రభుత్వ కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం రాసేవారు. ఒక పాన్‌దాన్ (తాంబూలం పెట్టె) అడుగున ఉర్దూ అంకెల్లో 1343 అని ఉందనుకోండి. హిజ్రీ అయితే అది 1924-25. ఫసలీ అయితే 590 కలపాలి కాబట్టి 1933-34. మొదటి లెక్కలో అది పురావస్తువు, రెండో లెక్కలో కాదు.

తెలుగు ఇళ్లలో ఇలాంటిదే మరో చిక్కు. మా ఇంట్లో ఒక వెండి కంచం ఉంది. అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు: ఇంటిపేరు, ఆ తర్వాత అరిగిపోయిన రెండక్షరాలు, "రక్తాక్షి", "40 తు". రక్తాక్షి నామ సంవత్సరం 1924-25లో వచ్చింది. మళ్లీ 60 ఏళ్ల తర్వాత 1984-85లోనూ వచ్చింది. ఏ రక్తాక్షి?

ఇక్కడ "40 తు" సాయపడింది. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారం దుకాణాల్లో తులమంటే 10 గ్రాములు. పాత తులం లెక్కన 40 తులాలు 466 గ్రాములు, కొత్త లెక్కన 400. కంచాన్ని కాటా మీద పెడితే 461 గ్రాములు చూపించింది. రోజూ తోమితే వెండి అరుగుతుంది గానీ పెరగదు. అంటే చేసినప్పుడు 466 ఉండి, అయిదు గ్రాములు వాడకంలో పోయిందనుకోవడం సబబు. ఇదొక్కటే సాక్ష్యంగా సరిపోదు, ఎందుకంటే దశాంశ తూకాలు వచ్చాక కూడా కొందరు కంసాలులు పాత తులాన్ని వదల్లేదు. అందుకని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూశాను. అడుగంతా సుత్తి దెబ్బల చిన్నచిన్న పలకలు. అంచును లోపలికి మడిచి అతికిన చోట గీత సన్నగా కనిపిస్తోంది. యంత్రం మీద తిప్పి చేసిన కంచానికి ఒకే కేంద్రం చుట్టూ వలయాలు ఉంటాయి, ఇక్కడ అవి లేవు. మూడు ఆనవాళ్లూ ఒకే వైపు మొగ్గు చూపుతున్నాయి కాబట్టి 1924 అని నమ్ముతున్నాను.

పింగాణీ: ముఖం కన్నా వీపు ఎక్కువ చెబుతుంది

ఊరగాయ జాడీ నుంచి టీ కప్పు దాకా అన్నిటినీ మనం పింగాణీ అనేస్తాం. తక్కువ వేడిలో కాల్చిన మట్టిపాత్ర నీటిని పీలుస్తుంది. గోధుమరంగు మెరుగుతో ఉండే మందపాటి జాడీ స్టోన్‌వేర్. అసలైన పింగాణీ తెల్లని కేయోలిన్ మట్టిని సుమారు 1,300 డిగ్రీల వేడిలో కాల్చితే వస్తుంది. పల్చటి పళ్లేన్ని దీపానికి ఎదురుగా పెడితే వెనక వేళ్ల నీడ కనిపిస్తుంది. ఐరోపావారు ఈ రహస్యాన్ని జర్మనీలోని మైసెన్‌లో 18వ శతాబ్దం మొదట్లో గాని పట్టుకోలేకపోయారు. ఎముకల బూడిద కలిపిన బోన్ చైనా ఇంగ్లండ్‌లో ఆ శతాబ్దం చివర్లో స్థిరపడింది.

దక్కనుకు చైనా పాత్రలు అంతకు చాలాముందే వచ్చాయి. లేత ఆకుపచ్చ సెలడాన్ పళ్లేలను ఇక్కడ ఘోరీ అనేవారు. విషం కలిసిన అన్నం వడ్డిస్తే అవి పగిలిపోతాయని, రంగు మారతాయని నమ్మేవారు. జాడీకి ఉర్దూలో వాడే మర్తబాన్ అనే మాట బర్మాలోని మర్తబాన్ రేవు పేరు నుంచి వచ్చింది. పెద్ద పెద్ద మెరుగు జాడీలు ఆ రేవు మీదుగా ఓడలెక్కేవి.

ఇక వీపు సంగతి. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం తమ దేశంలోకి వచ్చే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలంది. 1891 నుంచి పళ్లేల వెనక "ఇంగ్లండ్" అని కనిపించడం అందుకే మామూలైంది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటే చాలావరకు 20వ శతాబ్దపు సరుకు. "నిప్పాన్" అని ఉంటే 1891 - 1921 మధ్యది, "జపాన్" అయితే ఆ తర్వాతిది, "ఆక్యుపైడ్ జపాన్" అయితే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా ఆక్రమణలో ఉన్న కొద్ది ఏళ్లది. చైనా పాత్రల మీది చక్రవర్తి ముద్రను మాత్రం అంత సులువుగా నమ్మకూడదు. పూర్వీకుల మీద గౌరవంతో పాత చక్రవర్తుల పేర్లను తర్వాతి తరాలవారు కూడా రాసేవారు. మైసెన్ నీలి కత్తుల గుర్తును ఐరోపాలోనే ఎందరో అనుకరించారు.

పింగాణీకి కరిగించే ధర లేదు. పగిలితే ఉన్న విలువ కూడా పోతుంది. వెంట్రుకంత పగులు ఉన్నా ధర బాగా పడిపోతుంది. 12 మందికి సరిపోయే సెట్టులో రెండు పళ్లేలు లేకపోతే తగ్గుదల ఆ రెంటి వంతుతో ఆగదు. ఇళ్లలో అన్నదమ్ములు సెట్టును సమంగా పంచుకున్నారంటే, తెలియకుండానే అందరి వాటా విలువా తగ్గించుకున్నట్టే.

బిద్రీ: లోహం తక్కువ, చేయి ఎక్కువ

నాణేనికి పూర్తిగా వ్యతిరేక దిశలో బిద్రీ, అంటే నల్లని లోహంలో వెండి పొదిగే బీదర్ చేతిపని, ఉంటుంది. హుక్కా బుడ్డిలో 90 శాతానికి పైగా జింకు, కొంచెం రాగి. మిగిలింది తీగలుగా, రేకులుగా పొదిగిన వెండి. కరిగించేవాడికి దాదాపు ఏమీ దక్కదు. పొదగడం అయ్యాక బీదర్ కోట మట్టిలో నవాసారం కలిపి పూస్తారు. జింకు భాగం నల్లగా మారుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఈ నలుపు తెలుపుల పొందికలోనే వస్తువు విలువంతా ఉంది. మన ఇళ్లలో చింతపండు పెట్టి తోమే అలవాటు బిద్రీకి ప్రాణాంతకం. నలుపు పోతుంది, పొదుగు అంచులు కనబడవు. వెండి వస్తువుల మీదా ఇదే జరుగుతుంది. చెక్కడాల లోతుల్లో పేరుకున్న నలుపు చేతిపనిని ఎత్తి చూపిస్తుంది. దాన్ని పూర్తిగా తీసేస్తే సేకర్తలు వెనక్కి తగ్గుతారు.

పుట్టుపూర్వోత్తరాలు ఎందుకు ధర పెంచుతాయి?

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా ముందు నిలబడని హైదరాబాదీ ఉండరు. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని ఆ శిల్పాన్ని ఒక్కసారి మాత్రమే చెక్కలేదు, వేరే ప్రతులు ప్రపంచంలో మరికొన్ని చోట్ల ఉన్నాయి. మన ప్రతికి మాత్రం స్పష్టమైన చరిత్ర ఉంది: బెంజోని చేతిపని, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నది, ఆ వంశం చేతుల్లోంచి 1951లో తెరిచిన మ్యూజియంలోకి వచ్చింది. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎవరి చేతులు మారింది అనే గొలుసులో ఒక్క లింకూ తెగలేదు.

అందరి వస్తువులకూ ఇంత అదృష్టం ఉండదు. 1948 సెప్టెంబర్ తర్వాత, 1949లో జాగీర్దారీ రద్దయ్యాక, రాబడి ఆగిపోయిన దేవిడీల (నవాబుల భవనాల) సామాను కొద్దికొద్దిగా బజారుకు వచ్చింది. ఇంగ్లండ్ టీ సెట్లు, ఫ్రాన్స్ గడియారాలు, బొహీమియా గాజు, బిద్రీ ఉగాల్‌దాన్లు (తాంబూలం ఉమ్మే పాత్రలు) చేతులు మారాయి. ఏది ఏ దేవిడీదో చాలావరకు ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే ఈరోజు "ఫలానా నవాబు గారింటిది" అనే మాటకు కాగితం, పాత ఫొటో, రశీదు ఏదో ఒకటి తోడుంటేనే ధర పెరుగుతుంది.

ధర అన్నది కూడా ఒకటి కాదు. వేలంలో ఒక వస్తువు లక్ష రూపాయల దగ్గర ఆగిందనుకోండి. వేలం సంస్థ కొన్నవారి నుంచి తీసుకునే ప్రీమియం 20 శాతం, అమ్మినవారి నుంచి తీసుకునే కమిషన్ 10 శాతం అనుకుంటే కొన్నాయన పన్నులు కాక 1,20,000 కడతాడు, అమ్మినావిడ చేతికి 90,000 వస్తుంది. దుకాణదారు దాన్ని కొని రెండేళ్లు అల్మారాలో ఉంచాల్సి రావచ్చు కాబట్టి ఇంకా తక్కువే ఇస్తాడు. పత్రికల్లో కనిపించే వేలం ధరను చూసి ఇంట్లోవాళ్లు వేసే అంచనా తప్పేది ఇక్కడే.

చట్టం ఎక్కడ అడ్డుపడుతుంది?

పురావస్తువుల అమ్మకాన్ని వ్యాపారంగా చేసేవారికి లైసెన్సు తప్పనిసరి. శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు వంటి కొన్ని రకాలను ప్రభుత్వ నమోదు అధికారి దగ్గర నమోదు చేయించాలి. మామూలు వెండి గిన్నె, టీ కప్పు ఆ జాబితాలో లేవు, దేవతా విగ్రహం ఉంది. దేశం దాటించడం మాత్రం ఏ పురావస్తువుకైనా ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు. అమెరికాలో ఉన్న కూతురికి అమ్మమ్మ పళ్లెం పంపాలనుకునేవారు ఇది తెలుసుకోవాలి. వస్తువు అంత పాతది కాదని భారత పురావస్తు సర్వేక్షణ నిపుణులు ధ్రువపత్రం ఇస్తారు. భూమిలో దొరికిన నిధికైతే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

చాలామందికి తట్టని చిక్కు దంతానిది. ఇంగ్లండ్ వెండి టీ కూజాల పిడిలో వేడి చేతికి తగలకుండా రెండు సన్నని తెల్లని బిళ్లలుంటాయి. అవి తరచుగా ఏనుగు దంతం. మన దేశంలో 1986లో దేశీయ దంతం వ్యాపారాన్ని, 1991లో ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని కూడా నిషేధించారు. నూరేళ్లు దాటిందన్న మినహాయింపు లేదు.

పన్నులోనూ ఇలాంటి మెలిక ఉంది. ఇంట్లో వాడుకునే సామాను అమ్మితే మూలధన లాభం పన్ను పడదు. నగలు, చిత్రాలు, శిల్పాలు, కళాకృతులు అయితే పడుతుంది. రోజూ అన్నం తిన్న కంచమా, అల్మారాలో పెట్టుకున్న కళాకృతా అనేదాన్ని బట్టి లెక్క మారుతుంది. జీఎస్టీ వెండి వస్తువులకు 3 శాతం. నూరేళ్లు దాటిన యాంటిక్‌లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 12కు బదులు 5 శాతం.

పురావస్తువుల చట్టం మీద వాదనలు పాతవే. లైసెన్సులు, నమోదు భయంతో సేకర్తలు బయటపడటం లేదని, నిజాయతీగా చేసేవారికి కష్టం, దొంగచాటు వ్యాపారికి లాభం అవుతోందని వ్యాపారులంటారు. ఎగుమతి లేకపోవడంతో దేశంలో ధరలు తక్కువగా ఉన్నాయన్నది వారి మరో మాట. గుళ్లలోంచి పోయిన విగ్రహాలను చూపించి, తలుపు కొంచెం తీసినా మిగిలింది కూడా పోతుందని పరిరక్షకులంటారు. దేశంలోపలి వ్యాపారానికి లైసెన్సు అక్కర్లేకుండా చేయాలని 2017లో కేంద్రం ముసాయిదా బిల్లు విడుదల చేసింది గానీ అది చట్టం కాలేదు. రెండు వాదాల్లోనూ బరువుంది. విగ్రహాలకు ఉండాల్సిన కట్టుదిట్టం వేరు, టీ సెట్లకు ఉండాల్సింది వేరని నాకనిపిస్తుంది.

కరిగించాక ఏం మిగులుతుంది?

కరిగించడాన్ని తప్పుపట్టలేం. పెళ్లి, ఆసుపత్రి, ఫీజులు ఉన్న ఇంట్లో వెండి అందుకోసమే దాచుకున్న ధనం. మన పూర్వులు కూడా పాతది కరిగించే కొత్తది చేయించారు. చాలా చెంబులు, గిన్నెలు నిజంగానే తూకం ధరకు మించి పలకవు కూడా. మా కంచాన్నే తీసుకుందాం. 461 గ్రాములు, టంచ్ 90 అనుకుంటే సుమారు 83,000 రూపాయలు. సేకర్త అంతకన్నా పెద్దగా ఎక్కువ ఇవ్వడు.

అయితే కరిగిన వెంటనే సుత్తి దెబ్బలు, చుక్కల అక్షరాలు, రక్తాక్షి, 40 తులాలు అన్నీ పోతాయి. అమ్మినా అమ్మకపోయినా ఆ రాత నిలవాలని, అడుగు భాగాన్ని ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి, బరువు, కొలతలు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నోటుపుస్తకంలో రాశాను. ఇంటిపేరు తర్వాత అరిగిపోయిన రెండక్షరాలు మాత్రం తేలలేదు. మొదటిది "సు"లా ఉంది. మా ఇంట్లో సుబ్బమ్మ, సుందరమ్మ ఇద్దరూ ఉండేవారట. ఈసారి పెద్దమ్మ వచ్చినప్పుడు భూతద్దం ఇచ్చి చూపించాలి.